కోటు చెయ్యి ఎక్కిస్తే భుజం మీద కుచ్చులు వస్తున్నాయి: తప్పు కుట్టులోనా, కటింగులోనా?

ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్పుకుందాం, చదివే మిగతావాళ్ళకీ సంగతి తెలుస్తుంది. మీరు ఇంట్లో బ్లౌజులు, డ్రెస్సులు కుడతారు. తమ్ముడు లాయరుగా ఎన్‌రోల్ అవుతున్నాడని మొదటిసారి నల్లకోటు మొదలుపెట్టారు. గుడ్డ పాలీ-విస్కోస్ సూటింగ్. బాడీ బాగా కుదిరింది. చెయ్యి దగ్గరికొచ్చేసరికి క్యాప్ రౌండ్ (చేతి పైభాగపు గుండ్రం) చంక రౌండ్ (బాడీలో చెయ్యి ఎక్కే గుండ్రం) కన్నా 2 ఇంచులు ఎక్కువొచ్చింది. పఫ్ చేతికి వేసినట్టే రెండు వరుసల పెద్ద కుట్టు వేసి, దారం లాగి ఎక్కించారు. పైన కుచ్చులు కనబడుతున్నాయి, వెనకవైపు ఒక ఏటవాలు ముడత పడుతోంది. విప్పి మళ్ళీ కుట్టినా అంతే. తప్పు కుట్టులోనా, కటింగులోనా, మళ్ళీ విప్పితే గుడ్డ పాడవుతుందా అని అడిగారు.

సూటిగా జవాబు చెప్తాను. తప్పు మీ కుట్టులో లేదు. ఆ గుడ్డ ఇముడ్చుకోగలిగిన దానికన్నా ఎక్కువ లూజు క్యాప్‌లో ఉంది. పాలీ-విస్కోస్ సూటింగుకి, కుట్టు గీత మీద కొలిచినప్పుడు, చంక రౌండ్ కన్నా క్యాప్ ముప్పావు ఇంచు నుంచి 1 ఇంచు దాకా ఎక్కువుంటే చాలు. మిగిలింది కటింగులోనే తీసెయ్యాలి, సూదితో ఎంత కష్టపడినా ఆ గుడ్డలో దాగదు. వెనక ముడత మాత్రం వేరే సంగతి. చెయ్యి చంకలో ఏ కోణంలో కూర్చుందో దాన్ని బట్టి అది వస్తుంది. మెషిన్ కుట్టు వెయ్యకముందే చెయ్యిని పావు ఇంచు అటో ఇటో తిప్పితే పోతుంది. ఈ రెండింటినీ ఒకే జబ్బు అనుకుని మందు వేస్తే రెండూ తగ్గవు.

కత్తెర పట్టుకునే ముందు ఒక పని చెయ్యండి. ఆ 2 ఇంచుల తేడా ఎక్కడ కొలిచారో చూసుకోండి. చాలామంది టేపుని గుడ్డ అంచు మీద తిప్పుతారు. అక్కడే లెక్క తప్పుతుంది. చంక లోపలికి వంగిన గుండ్రం కాబట్టి కుట్టు గీత అంచు కన్నా పొడుగ్గా ఉంటుంది. అర ఇంచు మార్జిన్ (కుట్టుకి బయట వదిలే గుడ్డ) వదిలితే ఒక్క చంకలోనే ఇంచుకి పైగా తేడా వస్తుంది. క్యాప్ పైభాగం బయటికి వంగిన గుండ్రం, అక్కడ కుట్టు గీత అంచు కన్నా పొట్టి. అంటే అంచుల మీద కొలిస్తే లూజు ఉన్నదానికన్నా చాలా ఎక్కువ కనబడుతుంది. అందుకని మార్జిన్ లోపల చాక్‌తో కుట్టు గీత గీసుకుని, టేపుని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, ఆ గీత వెంట నెమ్మదిగా నడిపించండి. రెండు కొలతలూ అలాగే తీసుకోండి. అప్పుడు కూడా తేడా 2 ఇంచులే వస్తే కటింగు తగ్గించాలి. ముప్పావు ఇంచే అని తేలితే మీ కటింగు బాగానే ఉంది, ఆ లూజుని పంచడంలోనే తేడా వచ్చింది. మీకు ఎక్కువ ఏ భాగం పనికొస్తుందో ఈ కొలతే చెప్తుంది.

అసలు లూజు ఎందుకు, క్యాప్, చంక రెండూ సమానంగా కోసేస్తే పోదా అని కూడా కొంతమంది అడుగుతుంటారు. పోదు. భుజం చివర ఎముక గుండ్రంగా ఉంటుంది, దాని కింద కండ బయటికి ఉబ్బి ఉంటుంది, పైన ప్యాడ్ కూడా వస్తుంది. చదునుగా ఉన్న గుడ్డ ఆ ఉబ్బుని కప్పాలంటే కొంచెం ఎక్కువ గుడ్డ కావాలి. అది లేకపోతే భుజం చివర నుంచి చంక వైపు రెండు పక్కలా ఏటవాలు లాగుళ్ళు పడతాయి. బ్లౌజులో ఈ ఇబ్బంది మీకు కనబడదు. బ్లౌజు క్యాప్ ఎత్తు తక్కువ, చెయ్యి బిగుతుగా ఒంటిని పట్టుకుని ఉంటుంది, చాలాసార్లు పక్క కుట్టు కలపకముందే చదునుగా పరిచి ఎక్కించేస్తాం. కోటు చెయ్యి గొట్టంలా పూర్తయ్యాక, పూర్తయిన చంకలో కూర్చోవాలి. క్యాప్ ఎత్తు, చెయ్యి వేలాడే స్థితికి సరిపోయేటట్టు కత్తిరిస్తాం. చేతిలో పనితనం ఉన్న బ్లౌజు టైలర్లు కూడా ఇక్కడ తడబడటానికి కారణం ఇదే.

గుడ్డ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పే కొలతలు చాలావరకు ఊలు గుడ్డకి చెప్పినవి. ఊలు పోగు ఆవిరి తగిలితే మెత్తబడి ముడుచుకుంటుంది, చల్లారాక ఆ ఆకారంలో ఉండిపోతుంది. అందుకే మంచి ఊలు కోటులో 1.5 ఇంచులు సులువుగా ఇముడుతుంది, దళసరి ఓవర్‌కోటు గుడ్డయితే 2 ఇంచులు కూడా పెట్టొచ్చు. పాలిస్టర్ అలా ముడుచుకోదు. మన దగ్గర నల్లకోట్లకి ఎక్కువగా వాడేది పాలీ-విస్కోస్, టెర్రీవూల్ (పాలిస్టర్, ఊలు కలిసిన గుడ్డ). టెర్రీవూల్‌లో ఊలు పాలు ఎంతుంటే అంత సాయం. లినెన్, కాటన్ అర ఇంచు నుంచి ముప్పావు ఇంచు వరకే. సిల్కు, బ్రొకేడ్ షేర్వాణీలకి నేను అర ఇంచు కన్నా తక్కువే పెడతాను. జరీ అసలు ముడుచుకోదు, పైగా కుచ్చు పడిన చోట దీపాల వెలుతురులో గీతలా మెరుస్తుంది. హైదరాబాద్‌లో పెళ్ళి షేర్వాణీలు కుట్టే పాత ఉస్తాదులు బ్రొకేడ్ గుడ్డ పట్టుకోగానే క్యాప్ ఎత్తు తగ్గించేస్తారు, కారణం అదే. వెల్వెట్‌లో నూగు ఉంటుంది, ఇస్త్రీ ఆనిస్తే అణిగిపోతుంది. ఆవిరి దూరం నుంచే పట్టాలి, రెండు చేతుల నూగూ ఒకే దిక్కుకి ఉండాలి.

మీ గుడ్డకి ఎంత ఇముడుతుందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మిగిలిన ముక్కలోంచి క్రాస్‌గా, అంటే పోగుకి ఏటవాలుగా, 10 ఇంచుల పట్టీ కోసి, అంచు పక్కన పెద్ద కుట్టు వేసి దారం లాగండి. 9 ఇంచులకి తెచ్చి ఆవిరి పట్టి చూడండి. కుచ్చులు కనబడకుండా కూర్చుంటే ఆ గుడ్డ మాట వింటుందని లెక్క. 9కి రాక 9.5 దగ్గరే మొండికేస్తే, క్యాప్ ఇంకా తగ్గించాలి.

ఇక తగ్గించడం. మీరు చెయ్యి ఇప్పటికే కోశారు, ఎక్కువుంది కాబట్టి భయం లేదు, తక్కువుంటేనే కష్టం. చంకని కిందికి దింపి రౌండ్ పెంచుదామని మాత్రం అనుకోకండి. చాలామంది చేసే పని అది. చంక కిందికి దిగినకొద్దీ చెయ్యి ఎత్తినప్పుడు కోటు మొత్తం లేస్తుంది. కోర్టులో ఫైలు అందుకోవాలి, బెంచి ముందు చెయ్యి కదపాలి, బండి నడపాలి, ప్రతిసారీ కాలర్ మెడ నుంచి లేచిపోతుంది. చంక ఒంటికి దగ్గరగా, పైకి ఉన్న కోటులోనే చెయ్యి సుఖంగా కదులుతుంది. వినడానికి ఎదురుగా అనిపించినా, ఒకసారి తొడిగి చెయ్యి ఎత్తి చూస్తే అర్థమైపోతుంది.

చంక జోలికి పోకుండా చేతిలోంచే తీద్దాం. క్యాప్ శిఖరం దగ్గర 3/8 ఇంచు తగ్గించి, రెండు పక్కలా ఉన్న నాచ్‌ల (కలపడానికి అంచున పెట్టుకునే గుర్తుల) దగ్గరికి వచ్చేసరికి సున్నా అయ్యేలా కొత్త గీత గీయండి. దీంతో రౌండులో దాదాపు 5/8 ఇంచు పోతుంది. కోటు చేతిలో ఉండే రెండు ముక్కలు, పై చెయ్యి, కింద చెయ్యి, కలిసే వెనక కుట్టులో ఒక్కో ముక్క నుంచి 1/8 ఇంచు పట్టండి, ఇంకో పావు ఇంచు పోతుంది. రెండూ కలిపి 1 ఇంచు దగ్గరికి వచ్చేస్తారు. వెనక కుట్టులో పట్టేముందు తమ్ముడి చేతి కండ చుట్టుకొలత మరోసారి తీసుకోండి. కోటు చెయ్యి అక్కడ కనీసం 3 ఇంచులు ఎక్కువుండాలి, లోపల చొక్కా ఉంటుంది, లైనింగ్ ఉంటుంది. ఆ లూజు లేకపోతే వెనక కుట్టు ముట్టుకోకండి, శిఖరం దగ్గరే సరిచూసుకోండి.

ఒకటి అడగాలి. క్యాప్‌కి ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అతికే లోపలి గుడ్డ) అతికించారా? గట్టిగా నిలబడుతుందని కొందరు అతికిస్తున్నారు. ఫ్యూజింగ్ అతికిన గుడ్డ ముడుచుకోదు, అర ఇంచు కూడా ఇముడ్చుకోదు. అతికించి ఉంటే ఆ చెయ్యి పక్కన పెట్టి కొత్తది కోయడమే మేలు.

చంక సాగిపోవడం ఇంకో దొంగ. చంక గుండ్రంలో ఎక్కువ భాగం క్రాస్ మీద ఉంటుంది. మీరు బాడీని ఇటు తిప్పి అటు తిప్పి, ట్రయల్ వేసి, హ్యాంగర్‌కి తగిలించి పనిచేసే లోపలే సాగుతుంది. అప్పుడు మీరు కాగితం మీద వేసుకున్న లెక్క చేతిలో ఉన్న కోటుకి సరిపోదు. బాడీ కోసిన రోజే చంక చుట్టూ కుట్టు గీతకి కొంచెం బయట, మార్జిన్‌లో, చేత్తో బ్యాక్‌స్టిచ్ వేసి పెట్టుకోండి, లేదా సన్నని కాటన్ టేపు పట్టించండి. వెనక చంకలో, భుజపు రెక్క ఎముక దగ్గర, దారాన్ని పావు ఇంచు బిగించి ఆవిరి పడితే వీపు చక్కగా గుండ్రంగా కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు పని, లూజుని పంచడం. పఫ్ చేతిలో కుచ్చులు శిఖరం దగ్గరే పోగేస్తాం, అదే దాని అందం. కోటులో శిఖరం దగ్గరే పెట్టకూడదు. భుజం కుట్టుకి ఇటు అర ఇంచు, అటు అర ఇంచు లూజు వద్దు. అక్కడ గుడ్డ అంచు అడ్డ పోగు వెంట పోతుంది, ముడుచుకోదు. పైగా భుజం కుట్టు మందం ఉంటుంది. చంక అడుగున, ముందు నాచ్ నుంచి వెనక నాచ్ దాకా, అక్కడా లూజు వద్దు, సమానంగా కలపండి. మిగిలిన రెండు వాలుల్లోనే మొత్తం లూజు ఇముడ్చాలి. భుజం కుట్టు నుంచి 1.5 ఇంచుల కింద మొదలై 3 ఇంచుల దాకా ఉన్న భాగం దాదాపు పూర్తి క్రాస్‌లో ఉంటుంది, గుడ్డ అక్కడే మాట వింటుంది. వెనక వాలులో సగం కన్నా కొంచెం ఎక్కువ, ముందు వాలులో కొంచెం తక్కువ పెట్టండి. చెయ్యి ముందుకే ఎక్కువ కదులుతుంది కాబట్టి వెనక్కి ఆ సదుపాయం కావాలి.

ఊలు గుడ్డయితే ఇక్కడ రెండు వరుసల దారం లాగి, గట్టి దిండు మీద, అదే టైలర్ హ్యామ్ మీద, క్యాప్ పెట్టి ఆవిరి పట్టి మార్జిన్ వరకే ఇస్త్రీ పెట్టెతో అద్దాలి. అర ఇంచు దాటి లోపలికి పెట్టె పోకూడదు. హ్యామ్ లేకపోతే తువ్వాలు గట్టిగా చుట్టినా సరిపోతుంది. పూర్తిగా చల్లారేదాకా తియ్యకూడదు. మీ పాలీ-విస్కోస్‌కి మాత్రం ఇంకో దారి మేలు. మెత్తని కాటన్ లేదా సన్నని ఊలు గుడ్డలోంచి క్రాస్‌గా 1.25 ఇంచుల వెడల్పు పట్టీ కోయండి. చేతి లోపలివైపు, క్యాప్ అంచుకి ఆనించి, ముందు నాచ్ నుంచి వెనక నాచ్ దాకా, మార్జిన్‌లోనే కుట్టండి. కుట్టేటప్పుడు పట్టీని లాగి పట్టుకోవాలి, చేతి గుడ్డని లాగకూడదు. వాలుల్లో గట్టిగా లాగండి, శిఖరం దగ్గర వదిలెయ్యండి. మెషిన్ నుంచి బయటికి రాగానే పట్టీ వెనక్కి ముడుచుకుని క్యాప్‌ని తనతోపాటు దగ్గరికి తెస్తుంది. కుచ్చులు లేకుండా చిన్న గిన్నెలా తయారవుతుంది. దారం లాగే పద్ధతిలో కుచ్చు ఎక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు, ఇందులో ఉంటుంది. పట్టీ విప్పాల్సిన పని కూడా లేదు, లోపల చిన్న ఊతంగా ఉండిపోతుంది.

కచ్చా కుట్టు, అంటే మెషిన్‌కి ముందు చేత్తో వేసే తాత్కాలిక కుట్టు, మానకండి. గుండుసూదులతోనే మెషిన్ ఎక్కిద్దామంటే వద్దంటాను. కచ్చా కుట్టు వేసేటప్పుడు ఎలా పట్టుకోవాలో చెప్తాను, సగం పని ఇక్కడే ఉంది. కోటుని తిరగేసి, చెయ్యిని లోపల పెట్టి, భుజం గుర్తు, రెండు నాచ్‌లు, చంక అడుగు కలిపి నాలుగు సూదులు పెట్టండి. ఇప్పుడు చెయ్యి పైకి, బాడీ కిందికి ఉండేలా ఎడమచేతి వేళ్ళ మీద కుట్టు గీతని వంచి పట్టుకోండి. మందపాటి నోటుబుక్కుని వంచితే పై అట్ట చాలక అంచు వెనక్కి జరుగుతుంది కదా, అలాగే వంపులో పైన ఉన్న పొరకి ఎక్కువ పొడుగు కావాలి. ఎక్కువ గుడ్డ ఉన్న చెయ్యి పైన ఉంది కాబట్టి లూజు దానంతట అదే కూర్చుంటుంది. బల్ల మీద చదునుగా పరిచి పెట్టిన చోట అదే లూజు కుచ్చై నిలబడుతుంది. పావు ఇంచు కన్నా చిన్న కుట్లు వెయ్యండి, ఒంటి దారం, మైనం రాసుకుంటే జారదు. బొటనవేలితో ప్రతి కుట్టు దగ్గరా లూజుని కొద్దికొద్దిగా ముందుకి నొక్కుకుంటూ పోవాలి. సరిగ్గా కుట్టు గీత మీద చిన్న అలలు కనబడొచ్చు, ఫర్వాలేదు. గీత దాటి చేతి వైపు మడత కనబడితే ఆ చోటు విప్పి మళ్ళీ పంచండి.

ఇప్పుడు వెనక ముడత. షోల్డర్ ప్యాడ్ దాని స్థానంలో పెట్టి, లోపల కోర్టుకి వేసుకునే చొక్కానే వేయించి, తమ్ముడికి తొడగండి. అటెన్షన్‌లో నిలబడొద్దని చెప్పండి, మామూలుగా నిలబడమనండి, ఫోన్ పక్కన పెట్టమనండి. పక్క నుంచి చూడండి. మోచేతి పైభాగంలో నిలువు పోగు నేలకి నిట్టనిలువుగా ఉండాలి, కండ దగ్గర అడ్డ పోగు నేలకి సమాంతరంగా ఉండాలి. గుడ్డ మీద ఆ రెండు గీతలూ తెల్ల దారంతో ముందే కుట్టుకుంటే నల్ల గుడ్డలో కూడా స్పష్టంగా కనబడతాయి. చేతి ముందు అంచు పక్క జేబు మధ్యకి అటూ ఇటుగా రావాలి.

ఎక్కువసేపు ల్యాప్‌టాప్ ముందు, పుస్తకాల ముందు కూర్చునే ఈ తరం వాళ్ళ చేతులు సహజంగానే కొంచెం ముందుకి వేలాడతాయి. చెయ్యి ముందుకుండి, కోటు చెయ్యి వెనక్కి వేలాడుతుంటే మణికట్టు చేతి ముందు అంచుని నెట్టుతుంది, పైన వెనకవైపు ఏటవాలు ముడత పడుతుంది. మీరు రాసింది చూస్తే మీ తమ్ముడిది ఇదే అనిపిస్తోంది. చేతి కింది అంచు ముందుకి రావాలంటే శిఖరం వెనక్కి జరగాలి. పైభాగం కచ్చా కుట్టు విప్పి, శిఖరం గుర్తుని భుజం కుట్టు నుంచి పావు ఇంచు వెనక్కి పెట్టి మళ్ళీ తొడగండి. ముడత తగ్గితే దిక్కు సరైనదే, పెరిగితే దానికి ఎదురు వైపుకి తిప్పండి. శిఖరం జరిగితే అడుగు భాగం కూడా అంతే జరగాలి, పైన మాత్రమే జరిపి కింద వదిలేస్తే చంకలో మెలిక పడుతుంది.

ఎడమ, కుడి చేతులకి ఒకే గుర్తు వాడకండి. చాలామందికి కుడి భుజం కొంచెం దిగి ఉంటుంది. మా షాపు కోర్టు దగ్గర్లో కావడంతో నా చేతి మీదుగా పోయేవి ఎక్కువగా నల్లకోట్లే. బరువైన బ్రీఫ్ బ్యాగు ఏళ్ళ తరబడి ఒకే చేత్తో మోసిన పెద్ద లాయర్లలో ఈ తేడా అర ఇంచు దాకా చూశాను. ఒకాయన వీపు వంగి, చేతులు బాగా ముందుకి వచ్చేసి ఉండేవి. ఎక్కడ కుట్టించినా చెయ్యి వెనక మూడు ముడతలు పడేవని రెడీమేడ్ సైజులు మార్చుకుంటూ పోయారు. ఆయనకి సైజుతో పని లేదు, రెండు చేతుల్నీ వేరువేరు కోణాల్లో తిప్పాక అదే కొలతల్లో కోటు శుభ్రంగా వేలాడింది.

ముడతని చదవడం ఇంకా రెండు ముక్కల్లో చెప్తాను. శిఖరం కింద అడ్డంగా మడత పడి గుడ్డ కూలినట్టుంటే క్యాప్ ఎత్తు ఎక్కువ. భుజం చివర నుంచి చంక వైపు రెండు పక్కలా లాగుతుంటే ఎత్తు తక్కువ. ముడత ఒక పక్కే ఉంటే తిప్పాలి. చెయ్యి ఎత్తి చూసి ముడతల్ని లెక్కపెట్టకండి, ఏ కోటు చెయ్యికైనా ఎత్తినప్పుడు ముడత పడాల్సిందే.

కచ్చాలో నచ్చాకే మెషిన్. చేతి వైపు పైకి పెట్టి కుడతాను నేను. మెషిన్‌లో కింద గుడ్డని లాగే పళ్ళు లూజుని లాక్కుంటాయని చెయ్యి కిందికి పెట్టేవాళ్ళూ ఉన్నారు, దానికీ న్యాయముంది. కచ్చా గట్టిగా ఉంటే గుడ్డ జరగదు కాబట్టి కంటికి కనబడటమే నాకు ముఖ్యం. కుట్టు పొడుగు 2.5 మిల్లీమీటర్లు. ముందు నాచ్ కింద మొదలుపెట్టి చుట్టూ తిరిగొచ్చి, చంక అడుగున రెండో వరుస వెయ్యండి, బరువు పడేది అక్కడే. కచ్చా కుట్టు మీదే పోకుండా దానికి పోగంత లోపలగా, చేతి వైపు కుడితే పీకడం సులువు.

మార్జిన్ విషయంలో పైభాగం ఒక తీరు, అడుగు ఒక తీరు. పైన మార్జిన్ మొత్తం చేతి వైపు పోవాలి. అడుగున, నాచ్ నుంచి నాచ్ దాకా, మార్జిన్‌ని 3/8 ఇంచుకి కోసి నిలువుగా వదిలెయ్యండి, ఏ వైపుకీ ఇస్త్రీ చెయ్యకండి. పైనుంచి క్యాప్ మీద ఇస్త్రీ పెట్టె పెట్టకండి, ఇంత కష్టపడి తెచ్చిన గుండ్రం ఒక్క నొక్కుకి చదునైపోతుంది.

తర్వాత స్లీవ్ హెడ్. 10 నుంచి 12 ఇంచుల పొడుగు, 1.5 ఇంచుల వెడల్పు ఉన్న దూది షీటు పట్టీని క్రాస్‌గా కోసి, శిఖరం దగ్గర మార్జిన్‌కి చేత్తో వదులుగా కుట్టండి. మిగిలి ఉన్న చిన్న గుంటల్ని అది నింపుతుంది, చెయ్యి భుజం నుంచి సాఫీగా జారుతుంది. లాయరు కోటు కాబట్టి పల్చటి షీటే వాడండి. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో కోటు మీద గౌను తప్పనిసరి. భుజం చివర ఉబ్బెత్తుగా నిలబడితే గౌను కింద రెండు గడ్డల్లా కనబడుతుంది. రిసెప్షన్ సూట్లకి ఆ ఉబ్బు ఇష్టపడే పిల్లలున్నారు, అక్కడ బాగుంటుంది, ఇక్కడ బాగుండదు.

లైనింగ్ చెయ్యిని పై గుడ్డ పేపరుతోనే కోసేస్తే పని చెడుతుంది. అడుగున నిలువుగా వదిలిన మార్జిన్ మీదుగా లైనింగ్ ఎక్కి దిగాలి. అందుకని లైనింగ్ చేతి చంక భాగాన్ని అర ఇంచు నుంచి ముప్పావు ఇంచు పైకి కోయండి. అలా కోయకపోతే లైనింగ్ చాలక చెయ్యిని లోపలి నుంచి కిందికి లాగుతుంది. అప్పుడు అన్నీ సరిగా చేసినా చంక దగ్గర కొత్త ముడత పుడుతుంది. చాలామంది దాన్ని చూసి మళ్ళీ చెయ్యి విప్పుతారు. లైనింగ్‌ని చంక చుట్టూ చేత్తో, దారం బిగించకుండా కుట్టండి.

చివరిగా, విప్పితే గుడ్డ పాడవుతుందా అన్నారు. జాగ్రత్తగా విప్పితే పాడవదు. దారం చివర పట్టుకుని లాగకండి, ప్రతి మూడు నాలుగు కుట్లకి ఒకటి కోసి, వెనక దారాన్ని మెల్లగా ఎత్తండి. పాత సూది రంధ్రాలు పాలీ-విస్కోస్ నల్లలో కొద్దిగా కనబడతాయి, తడిపి పిండిన గుడ్డ పైన వేసి ఆవిరి పట్టి, వేలిగోటితో రెండు వైపులా రుద్దితే చాలావరకు మూసుకుపోతాయి. మీరు క్యాప్ తగ్గిస్తున్నారు కాబట్టి శిఖరం దగ్గర పాత గీత కొత్త మార్జిన్‌లోకి పోతుంది, అది ఎలాగూ కనబడదు. చంక వైపు పాత గీత మీదే కొత్త కుట్టు పడుతుంది. కొత్త సూది వేసుకోండి, 14 నంబరు చాలు. ముందు ఒక చెయ్యి పూర్తిగా ముగించి, తమ్ముడికి తొడిగి చూశాకే రెండోది విప్పండి. విప్పని చెయ్యి పక్కనే ఉంటే ఏది మారిందో మీ కంటికే తెలుస్తుంది.